పసుపు రంగు వెనక ఏముంది? ఇంకో షెర్లాక్ కథ

షెర్లాక్ అనగానే మనందరికీ గుర్తొచ్చేది బేకర్ స్ట్రీట్ డిటెక్టివే. ఆయన కల్పిత పాత్ర. కానీ అదే లండన్‌లో నిజంగానే ఇంకో షెర్లాక్ ఉండేవారు. పేరు షీలా షెర్లాక్. ఆవిడా ఆధారాలు వెతికేవారు, కాకపోతే ఆవిడ కేసులన్నీ ఒకే చోట: కుడివైపు పక్కటెముకల కింద, దాదాపు కిలోన్నర బరువుండే కాలేయంలో.

ఆవిడ గురించి నేను చదవడానికి కారణం మా చిన్న తాతయ్య. ఒకరోజు ఆయన కళ్లు పచ్చబడ్డాయి. ఊళ్లో అందరిదీ ఒకటే మాట: కామెర్లు, పసరు తాగిస్తే పోతాయి. ఉప్పు, నూనె మానేసి చప్పిడి తిండి తింటూ రెండు ఊళ్లు తిరిగి పసరు తాగారు. నెలన్నర తర్వాత స్కాన్ తీయిస్తే కాలేయంలో పెద్ద గడ్డ. ఆపరేషన్ చేసే దశ దాటిపోయిందన్నారు. ఆ ఏడాదే పోయారు. నాకు అర్థం కానిది ఒక్కటే. పక్కింటి కుర్రాడికి అదే పసరుతో పది రోజుల్లో ఎలా తగ్గింది?

జవాబు ఈవిడ జీవితంలో దొరికింది.

షీలా 1918 మార్చి 31న డబ్లిన్‌లో పుట్టారు. పెరిగింది, చదువుకుంది ఇంగ్లండ్‌లోని కెంట్ ప్రాంతంలో. డాక్టర్ అవ్వాలని ఇంగ్లండ్‌లో చాలా మెడికల్ కాలేజీలకి అప్లై చేశారు. ఆ రోజుల్లో అమ్మాయిలకి సీట్లు చాలా తక్కువ. అన్నిచోట్లా కాదన్నారు. చివరికి 1936లో స్కాట్లండ్ వెళ్లి ఎడిన్‌బరోలో చేరారు. 1941లో క్లాస్ ఫస్ట్‌గా బయటికొచ్చారు.

క్లాస్ ఫస్ట్ వస్తే ప్లేస్‌మెంట్ గ్యారంటీ అనుకుంటాం కదా. ఆవిడకి ఆ ఆసుపత్రిలో హౌస్ ఆఫీసర్ ఉద్యోగం ఇవ్వలేదు. కారణం ఆడపిల్ల కావడమే. సర్జరీ ప్రొఫెసర్ లియర్‌మంత్ మాత్రం తన దగ్గర అసిస్టెంట్ లెక్చరర్‌గా పెట్టుకున్నారు. రీసెర్చ్ ఎలా చేయాలి, పేపర్ ఎలా రాయాలి అన్నవి అక్కడే నేర్చుకున్నారు. తర్వాత లండన్‌లోని హ్యామర్‌స్మిత్ ఆసుపత్రిలో జాన్ మెక్‌మైకేల్ అనే డాక్టర్ దగ్గర చేరారు.

అది రెండో ప్రపంచ యుద్ధ కాలం. కామెర్లు తెగ వస్తున్నాయి. కొందరికి ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటున్నాయి. కొందరికి రక్తం, సీరం ఎక్కించాక వస్తున్నాయి. ఇంకొందరికి సిఫిలిస్ కోసం ఆర్సెనిక్ ఇంజెక్షన్లు తీసుకున్నాక వస్తున్నాయి. లోపల ఏం జరుగుతోందో చూద్దామంటే దారి లేదు. అప్పట్లో అల్ట్రాసౌండ్ లేదు, సీటీ లేదు. మనిషి చనిపోయాక కోసి చూడటమే ఎక్కువ. పిత్తనాళంలో జిగురు అడ్డుపడటం వల్ల ఈ కామెర్లు వస్తాయని చాలాకాలంగా ఒక నమ్మకం ఉండేది.

మెక్‌మైకేల్ బృందం బతికున్న మనిషి నుంచే శాంపిల్ తీయడం మొదలుపెట్టింది. ఊపిరి బిగబట్టమని చెప్పి, పక్కటెముకల మధ్య నుంచి సూది పంపి, కాలేయం నుంచి సన్నటి ముక్క తీయాలి. దీన్నే బయాప్సీ అంటారు. సెకన్ల పనే, కానీ లోపల రక్తస్రావమైతే ప్రాణం పోవచ్చు. పాతికేళ్ల షీలా ఈ పనిలో ఆరితేరారు. 1943లో డిబుల్, మెక్‌మైకేల్‌లతో కలిసి ఆవిడ ప్రచురించిన పేపర్‌లో తేలింది ఏంటంటే, ఆ మూడు రకాల కామెర్లలోనూ కాలేయ కణాలే దెబ్బతింటున్నాయి, అదీ ఒకే తీరుగా. పైపు బ్లాక్ అవడం కాదు, ఫ్యాక్టరీయే పాడవుతోందన్నమాట. ఆర్సెనిక్ మందు వల్ల అనుకున్న కామెర్లలో చాలావాటికి అసలు దోషి సరిగ్గా శుభ్రం చేయని సిరంజి అని కూడా ఆ కాలంలోనే బయటపడింది.

1945లో ఇదే పని మీద ఎండీ థీసిస్ రాస్తే ఎడిన్‌బరో గోల్డ్ మెడల్ ఇచ్చింది. ఒకప్పుడు ఉద్యోగం లేదన్న ఊరే!

ఆ తర్వాత ఏడాది పాటు అమెరికాలోని యేల్‌లో పనిచేసి, 1948లో ముప్పై ఏళ్లకే హ్యామర్‌స్మిత్‌లో కన్సల్టెంట్ అయ్యారు. 1951 డిసెంబరులో గెరైంట్ జేమ్స్ అనే డాక్టర్‌ని పెళ్లి చేసుకున్నారు. ఇద్దరు కూతుళ్లు. 1955లో కాలేయ వ్యాధుల మీద పాఠ్యపుస్తకం రాశారు. దశాబ్దాల పాటు ఎడిషన్ తర్వాత ఎడిషన్ ఒక్కరే తిరగరాస్తూ వచ్చారు. కాలేయ వైద్యం అంటూ ఒక ప్రత్యేక విభాగం నిలబడింది చాలావరకు ఆ పుస్తకం మీదే.

1959లో లండన్ రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో ప్రొఫెసర్ అయ్యారు. బ్రిటన్‌లో మెడిసిన్ ప్రొఫెసర్ అయిన తొలి మహిళ ఆవిడే. ఇంత పదవి కదా, పెద్ద బిల్డింగ్ ఇచ్చారనుకుంటున్నారా? ఆసుపత్రి డాబా మీద తాత్కాలికంగా వేసిన చెక్క షెడ్డు! ప్రపంచం నలుమూలల నుంచీ డాక్టర్లు వచ్చి ఆ షెడ్డులోనే కాలేయ వైద్యం నేర్చుకున్నారు. రౌండ్స్‌లో ఆవిడ ప్రశ్నలంటే అందరికీ హడలే. అయినా క్యూ తగ్గలేదు.

అక్కడ జరిగిన పనిలో మూడు విషయాలు చెప్పాలి.

మొదటిది: కామెర్లొస్తే నాళం మూసుకుపోయిందేమోనని పొట్ట కోసి చూసేవారు. కానీ ప్రైమరీ బిలియరీ సిర్రోసిస్ అనే జబ్బులో కోసినా లాభం లేదు. 1965లో డెబొరా డోనియాక్ బృందంతో కలిసి, రక్తంలో ఒక యాంటీబాడీని చూసి ఆ జబ్బును పట్టేయొచ్చని చూపించారు. ఒక రక్తపరీక్ష అనవసరమైన ఆపరేషన్లను తప్పించింది.

రెండోది: శరీరం తన కాలేయం మీద తానే దాడిచేసే జబ్బు ఒకటుంది. స్టెరాయిడ్ దానికి పనిచేస్తుందా లేదా అన్నది నమ్మకానికి వదిలేయకుండా ట్రయల్ చేశారు. 1971 ఫలితాల్లో మందు వాడిన 22 మందిలో చనిపోయింది 3, వాడని 27 మందిలో 15.

మూడోది మా తాతయ్యకి దగ్గరది. బ్లూంబర్గ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త కనిపెట్టిన ఆస్ట్రేలియా యాంటిజెన్ హెపటైటిస్-బి వైరస్‌దని తేలింది. 1970లో షీలా బృందం, ఆ యాంటిజెన్ రక్తంలో ఉన్నవాళ్లలో దీర్ఘకాల కాలేయ వ్యాధి, కాలేయ క్యాన్సర్ కలిసి కనిపించడాన్ని ప్రచురించింది. తర్వాత తైవాన్‌లో 22,707 మంది మగవాళ్లని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం 1981లో ఈ సంబంధాన్ని గట్టిగా నిరూపించింది. అంటే ఈ క్యాన్సర్లలో చాలావాటికి టీకాతో అడ్డుకట్ట వేయొచ్చు! 1984లో తైవాన్ పసిపిల్లలకి టీకాలు మొదలుపెట్టింది, పిల్లల్లో కాలేయ క్యాన్సర్ తగ్గింది. మనకి తక్కువ ధరలో దేశీయ టీకా 1997లో హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ నుంచి వచ్చింది. ఆ కంపెనీ పెట్టింది ఒక ఎలక్ట్రానిక్స్ ఇంజినీర్, మనవాళ్లే.

ఇప్పుడు పసరు సంగతి. పక్కింటి కుర్రాడికి వచ్చింది బహుశా హెపటైటిస్-ఎ. అది చాలామందిలో తనంతట తానే తగ్గిపోతుంది. క్రెడిట్ పసరు కొట్టేసింది. తాతయ్యది వేరే జబ్బు. బయటికి రంగు మాత్రం ఒకటే. బండిలో ఇంజిన్ వార్నింగ్ లైట్ వెలిగితే ఏం పాడైందో చూస్తాం గానీ, లైటుకి మందు వేయం కదా! పసుపు రంగు జబ్బు కాదు, వార్నింగ్ లైట్. షీలా షెర్లాక్ అరవై ఏళ్లు చేసిన పని ఇదే: ఒకే రంగు వెనక దాక్కున్న వేర్వేరు జబ్బుల్ని విడదీయడం.

ఇవాళ సిర్రోసిస్ ఉన్నవాళ్లలో క్యాన్సర్‌ని చాలాసార్లు సూది లేకుండానే గుర్తిస్తున్నారు. మామూలు కాలేయానికి సుమారు ముప్పావు వంతు రక్తం పోర్టల్ సిర నుంచి వస్తుంది, గడ్డకి ఎక్కువగా ధమని నుంచి. అందుకే కాంట్రాస్ట్ ఇచ్చి సీటీ తీస్తే గడ్డ ముందు వెలిగి, తర్వాత చుట్టుపక్కల కంటే నల్లబడుతుంది. రెండు సప్లై లైన్ల టైమింగ్ తేడా, అంతే! సిర్రోసిస్ ఉన్నవాళ్లు ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ చేయించుకుంటే గడ్డ చిన్నగా ఉన్నప్పుడే దొరికే అవకాశం ఎక్కువ. అప్పుడైతే కోసి తీసేయడం, కాల్చేయడం, కాలేయ మార్పిడి అన్నీ సాధ్యమే.

షీలా 1978లో డేమ్ అయ్యారు, 1983లో రిటైరయ్యారు. రాయడం, రోగుల్ని చూడటం ఆపలేదు. 2001లో రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నుకుంది. అదే ఏడాది, యాభయ్యో పెళ్లిరోజు జరిగిన రెండు వారాలకి, డిసెంబరు 30న ఊపిరితిత్తుల జబ్బుతో కన్నుమూశారు. మనలో చాలామంది అప్పటికింకా పుట్టలేదు.

ఈ సెమిస్టర్ సెలవులకి ఇంటికెళ్లినప్పుడు ఒక చిన్న పని చేయండి. మీ హెపటైటిస్-బి టీకా డోసులు పూర్తయ్యాయో లేదో అమ్మని అడగండి. ఇంట్లో ఎవరి కళ్లయినా పచ్చబడితే పసరు కంటే ముందు రక్తపరీక్షకి, స్కాన్‌కి తీసుకెళ్లండి. మేం నెలన్నర ఆలస్యం చేశాం. మీరు చేయకండి.