కె.సి. కాలువ వెనుక కాటన్ దొర

కర్నూలు: గోదావరి జిల్లాల్లో సర్ ఆర్థర్ కాటన్ పేరు తెలియని రైతు ఉండడు. ఆయన విగ్రహానికి దండ వేయని ఏడాది ఉండదు. మన ప్రాంతంలో మాత్రం ఆయన పేరు అంతగా వినబడదు. అయితే తుంగభద్ర నీటిని పెన్నా నది వైపు మళ్లించాలన్న ఆలోచనకు మూలపురుషుడు ఆ దొరగారే. గోదావరి ఆయనకు కీర్తి తెచ్చింది. తుంగభద్ర మాత్రం తల వంచుకునేలా చేసింది. అందుకు కారణం నీళ్లు లేకపోవడం కాదు, ఆనకట్ట యాజమాన్యం ఒక ప్రైవేటు కంపెనీ చేతిలో ఉండడం.

కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించారు. చిన్న వయసులోనే సైనిక ఇంజనీరింగు చదివి, 1821లో మద్రాసు చేరుకున్నారు. తంజావూరు ప్రాంతంలో కావేరి పనులు ఆయనకు అప్పగించారు. అక్కడ చోళుల కాలం నాటి కల్లణై ఆనకట్ట ఉంది. ఇసుక మేట వేయడం వల్ల కావేరి పాయకు నీరందక రైతులు అల్లాడుతున్న రోజులవి. 1830 ప్రాంతంలో ఆ పాత ఆనకట్టకు ఇసుక తూములు పెట్టించారు. ఇసుక నేల మీద రాళ్లు పేర్చి కట్టిన కట్టడం అన్ని వందల ఏళ్లు ఎలా నిలిచిందో అక్కడే దగ్గరగా చూశారు. అంటే ఆయన తొలి పాఠం కొత్తది కట్టడం కాదు, ఉన్నదాన్ని బాగు చేయడం. ఈ సంగతి తర్వాతి కథకు అవసరం కనుక చెబుతున్నాను.

తర్వాత 1836లో కొళ్లిడం నదిపై రెండు ఆనకట్టలు నిర్మించారు. జ్వరాలతో ఆరోగ్యం దెబ్బతిని కొంతకాలం ఆస్ట్రేలియా వైపు వెళ్లారు. 1841లో అక్కడే వివాహం చేసుకున్నారు. తిరిగి వచ్చి విశాఖపట్నంలో కొన్నాళ్లు పనిచేసి రాజమండ్రి చేరారు. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని ప్రారంభించి 1852 నాటికి పూర్తి గావించారు. ఈ పనిలో ఆయనకు కుడిభుజంగా నిలిచినవారు వీణం వీరన్న. కరవులతో ఖాళీ అయిన డెల్టా అన్నపూర్ణగా మారిన వైనం అందరికీ తెలిసిందే. ఆ ఆనకట్ట సర్కారు ఆస్తి. వరద తీయగానే కొట్టుకుపోయిన రాళ్లను తిరిగి వేయించే బాధ్యత, ఖర్చు సర్కారువే.

గోదావరి విజయం చూశాక కాటన్ ధీమా పెరిగింది. నదులన్నింటినీ కాలువలతో కలపాలి, ఇందుకు ప్రైవేటు పెట్టుబడి తేవాలి అని ఆయన వాదించారు. ఆ ఊపులోనే 1858లో లండన్‌లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ ఏర్పడింది. సుంకేసుల వద్ద తుంగభద్రకు ఆనకట్ట, అక్కడి నుంచి కడప దాకా సుమారు 190 మైళ్ల కాలువ. ఇటు సేద్యానికి, అటు పడవలకు పనికిరావాలని కాలువను వెడల్పుగా తవ్వి, లాకులు కట్టారు. ఖర్చు తడిసి మోపెడైంది.

ఇక్కడే చిక్కు వచ్చింది. కంపెనీ పెట్టే 10 లక్షల పౌన్ల మూలధనానికి నూటికి 5 వంతున వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చింది. కాలువలో నీరు పారినా, పారకపోయినా లండన్‌లోని వాటాదారుకు వడ్డీ అందుతుంది. గట్టు తెగినా ఆతనికి నష్టం లేదు. ఆనకట్టకు ఏటా రాయి వేయాలి, గట్టుకు పడిన బుంగలు పూడ్చాలి, పూడిక తీయాలి, షట్టర్లు చూడాలి. ఇవన్నీ రాబడిలోంచి జరగాలి. ఆ రాబడే రాలేదు. నల్లరేగడిలో జొన్న, ప్రత్తి వేసుకునే మన రైతు నీటి పన్ను కట్టి కాలువ నీరు పెట్టుకోవడానికి ముందుకు రాలేదు. ఆతనిదీ తప్పు కాదు, ఆ నేల తడి నిలుపుకుంటుంది. మూలధనం అయిపోగా 1866లో ప్రభుత్వమే మరో 6 లక్షల పౌన్లు అప్పు ఇవ్వవలసి వచ్చింది. 1871లో కాలువ పూర్తయింది గాని కంపెనీ కోలుకోలేదు.

నా ఉద్దేశంలో కాటన్ దొర లెక్క తప్పింది ఇక్కడే. నదుల వాలు, ఇసుక పోకడ ఆయనకు కరతలామలకం. కాని కట్టినవాడికి వడ్డీ మాత్రమే కావలసి ఉన్నప్పుడు ఆనకట్టను కాపాడేదెవరన్న ప్రశ్న ఆయనకు తట్టినట్లు లేదు. కల్లణై దగ్గర నేర్చుకున్న పాఠాన్ని కంపెనీ కాగితాల దగ్గర మరచినట్లుంది.

1876-78లో ధాత కరువు వచ్చింది. కర్నూలు, బళ్లారి, కడప జిల్లాల్లో జనం పిట్టల్లా రాలిపోయారు. రైళ్లకు బదులు కాలువలు తవ్వించి ఉంటే ఇంత ఘోరం జరగదని కాటన్ పట్టుబట్టారు. 1878లో పార్లమెంటు సంఘం ఆయనను పిలిపించింది. 75 ఏళ్ల వృద్ధుడిని కాలువ నష్టాల గురించి గుచ్చి గుచ్చి అడిగారు. ఆయన మాట నెగ్గలేదు. 1882లో ప్రభుత్వం కంపెనీ నుంచి ఆనకట్టను, కాలువను కొనివేసింది. 1899 జూలై 24న డార్కింగ్‌లో కాటన్ కన్నుమూశారు.

కంపెనీ నాటి పాత ఆనకట్ట స్థానంలో తరువాత గేట్ల బ్యారేజీ వచ్చింది. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి కర్నూలు మునిగినప్పుడు ఆ బ్యారేజీ గట్టుకూ గండి పడింది. 2024 ఆగస్టు 10 రాత్రి ఎగువన హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. నిండిన జలాశయం నుంచి రోజుల తరబడి నీరు దిగువకు పోయింది. తాత్కాలిక గేటు దింపేదాకా కె.సి. కాలువ కింద నాట్లు వేసుకున్న రైతులకు కంటి మీద కునుకు లేదు. ఆ కాలువ కింద ఆయకట్టు 2 లక్షల 65 వేల ఎకరాలు.