కదలని కారు, నవ్వించిన బక్కోడు

తెనాలి నుంచో రేపల్లె నుంచో ఇంటిల్లిపాదీ బాపట్ల సూర్యలంక బీచికి బయల్దేరతాం చూడండి. క్యారేజీలు సర్ది, అందరూ ఎక్కాక టైరు పంచరు. 1929లో లారెల్, హార్డీ చేసిన 'పర్ఫెక్ట్ డే' అచ్చం ఇదే గోల. ఇరవై నిమిషాల సినిమా. డొక్కు ఫోర్డు కారు, ఇద్దరి పెళ్లాలు, కాలికి కట్టుతో ఓ బాబాయి. ఏ దెబ్బయినా పోయి పోయి ఆ కాలికే తగులుద్ది, కుక్క కూడా దానిమీదికే! ఇరుగుపొరుగుకి టాటా చెప్పడం, దిగడం, మళ్లా ఎక్కడం. తీరా కదిలాక కారు బురదగుంటలో మునిగిపోద్ది. నేనైతే ఎన్నిసార్లు చూశానో.

అందులో బక్కోడు స్టాన్ లారెల్. 1890లో ఇంగ్లండులో నాటకాలోళ్లింట పుట్టాడు. 1910లో చాప్లిన్ ఉన్న ట్రూపుతోనే అమెరికా వెళ్లాడు. తెరమీద వెర్రిబాగులోడే గానీ, జోకులు అల్లడం, ఎడిటింగు దగ్గర కూచోడం ఎక్కువగా ఆయన పనే. నాకు మండేది ఎక్కడంటే, ఆ సినిమాల హక్కులు స్టూడియోవి. తర్వాత టీవీల్లో అవే తిప్పి తిప్పి వేసుకున్నా ఆయన చేతికి పైసా రాలా. రీల్స్ చేసే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ వీడియో ఎవరి పేరున ఉందో ఓసారి చూసుకోండి.

1957లో హార్డీ పోయాడు. లారెల్ మళ్లీ వేషం కట్టలా. 1961లో గౌరవ ఆస్కారిచ్చారు. శాంటా మోనికాలో సముద్రం పక్కన చిన్న ఫ్లాటులో ఉంటా, ఫోన్ నంబరు డైరెక్టరీలోనే ఉంచాడు. ముక్కూమొహం తెలియనోళ్లు చేసినా మాట్లాడేవాడు, వస్తామంటే రమ్మనేవాడు. 1965లో పోయాడు.