సర్ ఆర్థర్ కాటన్ దొర

నీటి లెక్క తెలియని దేశమున బ్రతుకు లెక్క కుదురదు. గోదావరీ మండలమునకు ఆ లెక్క సరిచూచిన మహనీయుడు సర్ ఆర్థర్ కాటన్.

ఈయన 1803వ సంవత్సరము మే 15వ తేదీన ఇంగ్లండులో జన్మించెను. అడిస్కోంబు సైనిక పాఠశాలలో విద్య ముగించి, 1821లో కంపెనీవారి ఇంజనీరుగా చెన్నపట్టణమునకు వచ్చెను. తంజావూరు సీమలో కావేరిపై పనిచేయుచు, చోళరాజుల నాటి కల్లణైని శ్రద్ధతో పరిశీలించెను. అడుగున రాయి తగులని ఇసుకలో పూర్వులు కట్టడమును నిలిపిన విధమును గ్రహించెను. ఈ దేశపు నదుల మర్మమును ఈ దేశపు కట్టడముల యొద్దనే నేర్చుటకు ఆయన సంకోచింపలేదు. 1836లో కొల్లిడముపై ఆనకట్టలు కట్టి ఆ విద్యను సఫల మొనర్చెను.

ఆ కాలమున తీరాంధ్రము దీనావస్థలో నుండెను. 1832-33లో వచ్చిన నందన కరువున గుంటూరు సీమలోని సుమారు ఐదు లక్షల జనములో రెండు లక్షల మంది నశించిరి. 1839లో ఉప్పెన కోరింగను ముంచెను. 1821లో ఏడు లక్షలకు మించియున్న గోదావరీ మండల జనసంఖ్య 1841 నాటికి ఐదు లక్షల అరువది వేలకు దిగెను. చెంతనే గోదావరి పాఱుచుండగా పైరులు ఎండిపోవుట చూచి, ఇది వానల లోపము మాత్రమే కాదని కాటన్ నిశ్చయించెను.

గోదావరి నాసిక ప్రాంతమున పుట్టి, పై దేశముల వానలతో నిండును. కావున ఇచట చినుకు పడని యేటను నదికి వరద రావచ్చును. మఱియు డెల్టాలో నది మిట్టమీద పాఱును. ఇరువైపుల భూమి గట్టునుండి దూరమైన కొలది పల్లమగును. డెల్టా శిరస్సున నీటిమట్టము కొంత పెంచినచో కాలువలు తమంత తామే పొలములకు పాఱును. 1844, 1845 సంవత్సరములందలి నివేదికలలో ఆయన ఈ ఉపాయమునే దొరతనమువారికి విన్నవించెను.

1847లో ధవళేశ్వరమున పని మొదలయ్యెను. లంకలచే చీలిన నదికి అడ్డముగా ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా ఆనకట్ట లేచెను. వీణెం వీరన్నగారు కాటన్‌కు కుడిభుజమై కూలీలను సమకూర్చి పని నడపిరి. కోరినంత సిబ్బంది దొరకకున్నను, నడుమ ఆరోగ్యము చెడినను, 1852 నాటికి కార్యము నెఱవేరెను. కంపెనీకి శిస్తు పెరిగెను. రైతునకు పంట నిలిచెను.

1861లో ఆయనకు సర్ బిరుదము లభించెను. రైలుమార్గములకంటె జలమార్గములే ఈ దేశమునకు మేలని తుదివఱకు వాదించెను. ఆ వాదమును పాలకులు అంగీకరింపలేదు. 1899 జూలై 24న తొంబదియాఱేండ్ల వయసున పరమపదించెను. పాత ఆనకట్టకు బదులుగా 1982లో ముగిసిన బ్యారేజి ఆయన పేరనే యున్నది.

అయినను ఆ మహనీయుని ఋణము పేరు పెట్టినంతమాత్రమున తీరదు. కాలువ తెచ్చిన నీటికి మురుగు దారి యుండవలెను. డ్రైను పూడి పొలము ఉరకెత్తినచో పంటనిచ్చిన నీరే పంటను చెఱచును. తన యూరి మిట్టపల్లములను, వాన రాకడను, వరద పోకడను తెలిసికొని మెలగుటయే కాటన్ దొరకు నిజమైన స్మారకము.