ఫిసల్‌బండ నవాబుగారి నక్షత్రశాల

గ్రాఫు కాగితంపై గీసిన సరళరేఖను చూపి దాని సమీకరణాన్ని కనుగొనమనడం గణిత పరీక్షలలో పరిపాటి. ఆ లెక్క పరీక్షతోనే తీరిపోతుందని తలచే సోదర విద్యార్థులకు మన పాతనగరపు ప్రభువొకరి చరిత్రను వినిపించదలచాము.

ఆయన నవాబు జఫర్ జంగ్ బహదూర్. ఇంగ్లండులో విద్యనభ్యసించారు. అక్కడి నుండి 15 అంగుళాల గ్రబ్ దూరదర్శినిని తెప్పించి, 1901లో ఫిసల్‌బండలోని తమ ఆవరణలో నక్షత్రశాలకు పునాది వేశారు. దానికి తమ పేరు పెట్టుకొనలేదు. నిజామియా అని పేరిడుటకు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ అనుమతి కోరారు. తమ అనంతరం ప్రభుత్వమే దానిని స్వీకరించాలని కూడా విన్నవించుకొన్నారు. 1907లో వారు పరమపదించారు. 1908లో ప్రభుత్వం స్వీకరించింది.

అప్పటికి పారిస్ కేంద్రంగా 1887లో తలపెట్టిన ఆకాశపటం పని అనేక దేశాలలో సాగుతున్నది. దక్షిణాన 17 నుండి 23 డిగ్రీల వరకు గల భాగం హైదరాబాదు వంతుకు వచ్చింది. గాజు పలకపై నక్షత్రాల ఛాయాచిత్రంతో పాటు 5 మిల్లీమీటర్ల గళ్ళను కూడా ముద్రించేవారు. అంటే పలకయే గ్రాఫు కాగితం!

ఆకాశంలో స్థానం ముందే తెలిసిన నక్షత్రాలు కొన్ని ప్రతి పలకపైనా ఉంటాయి. పలకపై వాటి కొలతలను అడ్డంగా, నిజస్థానాలను నిలువుగా గుర్తిస్తే బిందువులు దాదాపు ఒకే సరళరేఖపై పడతాయి. ఆ రేఖపై దూరదూరంగా రెండు బిందువులను తీసుకొని, నిలువు భేదాన్ని అడ్డు భేదంతో భాగిస్తే వాలు వస్తుంది. రేఖ నిలువు అక్షాన్ని తాకే చోటు అంతరఖండం. (0, 2), (4, 10) అనే బిందువులైతే 8ని 4తో భాగించగా వాలు 2, అంతరఖండం 2; సమీకరణం వై = 2ఎక్స్ + 2. ఇక తెలియని నక్షత్రం కొలతను ఇందులో ఉంచితే దాని స్థానం తేలుతుంది. పలక కొంచెం తిరిగి ఉండవచ్చు గనుక రెండు దిశలనూ కలిపిన సమీకరణాలు నిజంగా కావలసివచ్చేవి. యంత్రగణకాలు లేని ఆ రోజులలో ఇదంతా చేతిలెక్కయే. ఎంత ఓపికో!

పోకాక్, ఆయన తరువాత టి. పి. భాస్కరన్ ఆధిపత్యంలో లక్షల నక్షత్రాల కొలతలు సంపుటాలుగా వెలువడినవి. 1919లో నక్షత్రశాల ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చేరింది. నవాబుగారు ముచ్చటపడి తెప్పించిన 15 అంగుళాల దూరదర్శిని బేగంపేటలో పనిచేయడం ఆరంభించినది 1922లో. అప్పటికి వారు పోయి పదిహేనేళ్ళు.