ఘంటసాల గొంతు వెనుక మెదడు చేసిన పని

కె.గంగవరం నుంచి రామచంద్రపురం, కాకినాడ కాలేజీలకు బస్సెక్కే మీలో చాలామందికి ఇంటర్వ్యూ అనగానే ఒకటే బెంగ. సబ్జెక్టు వచ్చు, గొంతే పెగలదు. మంచి గొంతు పుట్టుకతో రావాలి, మనకి లేదు అని సరిపెట్టుకుంటారు కూడా. ఆ మాట ఖాయం చేసుకునే ముందు ఘంటసాల వెంకటేశ్వరరావు జీవితం ఒకసారి చూడండి.

ఆయన 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లా చౌటపల్లిలో పుట్టారు. తండ్రి సూరయ్య పాడేవారు, మృదంగం వాయించేవారు. ఘంటసాలకు 11 ఏళ్లప్పుడు ఆయన పోయారు. సంగీతం నేర్చుకోవాలన్న పట్టుదలతో చేతి ఉంగరం అమ్మేసి ఆ కుర్రాడు విజయనగరం చేరాడు. పట్రాయని సీతారామశాస్త్రి డబ్బు తీసుకోకుండా పాఠం చెప్పారు. తిండికి మాత్రం జోలె పట్టి ఇల్లిల్లూ తిరగాల్సి వచ్చింది.

కర్ణాటక సంగీతంలో పాఠం ఎలా ఉంటుందో తెలుసు కదా? గురువు పాడతారు, శిష్యుడు విని పాడతాడు, తప్పితే మళ్లీ మొదలు. సరళీ స్వరాలు ముందు నిదానంగా, తర్వాత రెండో కాలం, మూడో కాలం. న్యూరోసైన్స్ ఇప్పుడు చెబుతున్నదీ దీనికి దగ్గరగానే ఉంటుంది. పాడే ముందే రావాల్సిన స్వరం మెదడులో ఉండాలి. స్వరపేటికకు, ఊపిరికి ఆదేశాలు వెళతాయి. వచ్చిన ధ్వనిని చెవి తిరిగి మెదడుకు చేరుస్తుంది. తేడా ఉంటే మెదడు సర్దుతుంది. పాడేవాళ్ల గొంతునే కాస్త శ్రుతి మార్చి హెడ్‌ఫోన్స్‌లో వినిపిస్తే, చాలామంది తమకు తెలియకుండానే వెంటనే సర్దుకుంటారని ప్రయోగాల్లో తేలింది. అంటే గొంతుకు మొదటి శిక్షణ చెవి దగ్గరే. అందుకే ఫలానా కండరం బిగించు అని చెప్పడం కన్నా పాడి వినిపించడమే చాలాసార్లు బాగా పనిచేస్తుంది. నేర్చుకున్నది గట్టిపడటానికి నిద్ర కూడా కావాలి.

మళ్లీ కథలోకి వద్దాం. 1942 ఉద్యమంలో ఘంటసాల జైలుకెళ్లారు. తర్వాత మద్రాసు చేరి, సినిమాల్లో కోరస్‌తో, చిన్న వేషాలతో మొదలుపెట్టారు. 1945లో ‘స్వర్గసీమ’లో భానుమతితో పాడారు. 1951లో ‘పాతాళభైరవి’కి సంగీత దర్శకుడు ఆయనే. ఎన్టీఆర్‌కు ఒక తీరు, ఏఎన్నార్‌కు ఒక తీరు మార్చి పాడగలిగారంటే అది చెవికీ గొంతుకూ మధ్య ఏళ్ల తరబడి కుదిరిన పొత్తు. 1970లో పద్మశ్రీ వచ్చింది. ఆరోగ్యం దెబ్బతిన్న రోజుల్లో భగవద్గీత రికార్డు చేశారు. 1974 ఫిబ్రవరి 11న, 51 ఏళ్లకే వెళ్లిపోయారు. ఆ రికార్డు విడుదలను ఆయన చూడలేదు.

అందరం ఘంటసాల కాలేం, నిజమే. పుట్టుకతో వచ్చే తేడాలూ ఉంటాయి. కానీ ఇంటర్వ్యూకి సరిపడా గొంతు సాధనతో వస్తుంది. మీ పరిచయం ఒక్క నిమిషం ఫోన్‌లో రికార్డు చేయండి. మొదట మీ గొంతు మీకే కొత్తగా అనిపిస్తుంది. మాట్లాడేటప్పుడు ఎముకల గుండా కూడా వినపడే ధ్వని రికార్డులో ఉండదు, అంతే. తడబడిన ఒక్క వాక్యాన్ని పట్టుకుని నిదానంగా చెప్పండి, వినండి, దిద్దుకోండి. తర్వాతే వేగం పెంచండి. రోజూ పది నిమిషాలు చాలు. గొంతు బొంగురుపోతే మాత్రం ఆపి విశ్రాంతి ఇవ్వండి. రాత్రి బాగా నిద్రపోండి, పొద్దున్నే మళ్లీ అదే వాక్యంతో మొదలుపెట్టండి.