జూసెప్పె వెర్దియు ఆయన పాత స్పినెట్టును

ఇటలీ దేశపు ఉత్తర భాగమున, పో నది పారెడు మైదానమునందు బుస్సేతో అను చిన్న పట్టణము కలదు. దానికి మూడు మైళ్ల దూరమున రొంకోలె అను పల్లె యున్నది. ఆ పల్లెలో కార్లో వెర్ది అను నతడు పూటకూటి యిల్లు నడుపుచు, వచ్చిపోవువారికి భోజనము పెట్టి, ద్రాక్షారసమును కొలది సరకులను అమ్మి జీవించుచుండెను. అతని భార్య లుయీజియ నూలు వడకునది. ఈ దంపతులకు 1813వ సంవత్సరము అక్టోబరు నెల 10వ తేదీన ఒక కుమారుడు కలిగెను. అప్పటికి ఆ సీమ ఫ్రెంచివారి యేలుబడిలో నుండుటచేత, పుట్టుకల పుస్తకమున బాలుని పేరు జోసెఫ్ అని ఫ్రెంచి రూపమున వ్రాయబడెను. ఇటలీ దేశమునకు గర్వకారణుడైన జూసెప్పె వెర్ది పేరు మొట్టమొదట పరభాషలో నమోదగుట మాకు వింతగా తోచుచున్నది.

ఈ బాలుడు మితభాషి. తోడి పిల్లల యాటలలో అంతగా కలియడు. ఎక్కడనైన పాట వినబడిన మాత్రము కదలక నిలిచిపోవును. బగస్సెత్ అను పేద ఫిడేలు వాద్యకాడొకడు ఊరూర తిరుగుచు రొంకోలెకు వచ్చినపుడు, ఈతని శ్రద్ధను కనిపెట్టి, బాలునికి సంగీతము చెప్పింపుమని తండ్రికి బోధించెనని చెప్పుదురు. గ్రామపు దేవాలయమున ఆర్గన్ వాయించు బైస్త్రొక్కి అను వృద్ధుడు పిల్లలకు చదువు చెప్పువాడు. ఆయనయే వెర్దికి తొలిగురువు. ఒకనాడు ఆరాధన సమయమున బలిపీఠమునొద్ద పరిచర్య చేయుచున్న యీ బాలుడు ఆర్గన్ నాదమున లీనుడై, ఆరాధన జరుపు మతాచార్యుడు అడిగిన నీటిపాత్ర నందింపక మైమరచి నిలిచెననియు, అందుపై కోపగించిన యా మతాచార్యుడు త్రోయగా మెట్లపై నుండి పడెననియు ఒక కథ వాడుకలో నున్నది.

బాలునికి ఏడెనిమిది సంవత్సరముల వయసున తండ్రి ఒక స్పినెట్టును కొనెను. అది క్రొత్తది కాదు. ఒకరు వాడి విడిచిన పాతది.

స్పినెట్టన నేమో మన విద్యార్థులలో అనేకులు ఎరుగరు గనుక కొంచెము వివరింతుము. అది చెక్కతో చేసిన పెట్టె. హార్మోనియమునకు వలె దీనికిని మెట్లు కలవు గాని, తిత్తి లేదు. లోపల వరుసగా తీగలు బిగింపబడి యుండును. మెట్టును నొక్కినపుడు దాని యావలి కొనపై నిలిచియున్న సన్నని చెక్కబద్ద పైకి లేచును. ఆ బద్దకు పక్షి యీక మొనయో, తోలుముక్కయో గ్రుచ్చియుండును. అది తీగను మీటి మరల క్రిందికి దిగును. వైణికుడు వ్రేలితో చేయు పనిని ఇక్కడ ఈక చేయునన్న మాట. పియానో యట్టిది కాదు. దానిలో తోలుతోనో బనాతుతోనో కప్పిన చిన్న సుత్తి తీగను కొట్టును. కావున మెల్లగా నొక్కిన మెల్లని నాదమును, బలముగా నొక్కిన గట్టి నాదమును పుట్టును. స్పినెట్టునందు ఎట్లు నొక్కినను ధ్వని యించుమించుగా నొకటియే. 1820 ప్రాంతమునకు కలిగినవారి యిండ్లలో పియానో ప్రవేశించి స్పినెట్టును వెనుకకు నెట్టెను. అట్లు వాడుక తప్పిన వస్తువు కాకున్నచో పల్లెటూరి పూటకూళ్లవానికి అది అందుబాటగుట దుర్లభమని మా యూహ. ఆ యింట ఆ కొనుగోలు చిన్న సాహసము కాదు. పొలమున కొడుకు కూలికి పనికివచ్చు దినములు సమీపించుచుండగా, కూడు పెట్టని చెక్కపెట్టెకు సొమ్ము వెచ్చించిన యా తండ్రిని ఊరివారు మెచ్చుకొని యుందురని మేము తలంపజాలము.

వచ్చిన వాద్యము అంత బాగుగా లేదు. బాలుడు దానియొద్దనే కాలము గడపుచుండెను. ఒకనాడు కొన్ని మెట్లను ఒక్కసారిగా నొక్కగా మధురమైన స్వరసమ్మేళనము పలికెనట. మరునాడు ఎంత వెదకినను ఆ మెట్లు దొరకకపోవుటచే కోపము పట్టజాలక సుత్తి తీసికొని వాద్యమును మోదెనట. ఈ కథ నిజమైనను కాకున్నను, 1821వ సంవత్సరమున ఆ వాద్యమునకు మరమ్మతు కావలసివచ్చినది మాత్రము నిజము. దానికి సాక్ష్యము ఆ వాద్యము లోపలనే యున్నది.

స్తేఫనో కవల్లెత్తి యను పనివాడు దానిని బాగుచేసెను. అతడు తీగలు మీటు బద్దలన్నిటిని క్రొత్తగా చేసి, వానికి తోలు మొనలు అమర్చెను; కాలితో నొక్కు సాధనమునొకదానిని తన సొంతమునుండి తెచ్చి బిగించెను. పని ముగిసిన పిమ్మట వాద్యము లోపల కొన్ని పంక్తులు వ్రాసి పెట్టెను. తాను చేసిన పని యేదియో, ఇచ్చిన వస్తువేదియో అందు చెప్పి, జూసెప్పె వెర్ది యను బాలుడు ఈ వాద్యమును నేర్చుకొనుటకు చూపుచున్న మంచి బుద్ధిని చూచి పని యంతయు ఉచితముగా చేసితిననియు, తన కష్టమునకు ఆ బుద్ధియే పూర్తిప్రతిఫలమనియు వ్రాసి, సంవత్సరము వేసెను. వాని భాషలో అక్షరదోషములు లేకపోలేదు. పెద్ద చదువులు చదివినవాడు కాడనుట స్పష్టము. వెర్ది యెవరో లోకమునకు తెలియుటకు ఇరువది సంవత్సరములు ముందుగా, ఎనిమిదేండ్ల పల్లెపిల్లవాని పేరు వ్రాసి గుర్తించిన మొదటి విమర్శకుడు ఈ పనివాడే.

పాత వాద్యమును చవుకగా కొనువారు దాని వెలనొకటే లెక్కించి మోసపోవుదురు. పెట్టె చవుకయే, పెట్టెలోని పని ఖరీదు. బద్ద లొక్కొక్కటి అరిగిపోవును, ఈకలు విరుగును, తీగలు త్రుప్పుపట్టును, తీగలు చుట్టిన మేకులు వదులై శ్రుతి నిలువదు. కొనిన ధరకు మించి బాగుచేయు కూలి పడుట సామాన్యము. కార్లో వెర్దికి ఆ రెండవ ఖర్చు తప్పినది. తప్పకపోయిన నేమి జరిగి యుండును? తీగలు మ్రోగని పెట్టె యింటి మూలన చేరి, దానిపై గోధుమసంచులు పడియుండును.

బైస్త్రొక్కి మరణించిన పిమ్మట, పదేండ్ల వయసునాటికే వెర్ది రొంకోలె దేవాలయమున ఆర్గన్ వాయించు పనికి కుదిరెను. చరిత్రకారులు వ్రాసిన ప్రకారము జీతము మొదట సంవత్సరమునకు 36 లీరాలు. తరువాత 40కి పెరిగెను. 1823లో తండ్రి అతనిని చదువుకొరకు బుస్సేతో పంపి, ఒక చెప్పులుకుట్టువాని యింట దినమునకు 30 సెంటెసిమోల చొప్పున బస కుదిర్చెను. లీరాకు నూరు సెంటెసిమోలు. లెక్క చూచిన, సంవత్సరపు కూటికే దాదాపు 110 లీరాలు కావలెను. ఆర్గన్ జీతము అందు మూడవ వంతు. పెండ్లిండ్లకును అంత్యక్రియలకును వాయించినందుకు వచ్చు కొలది పైకము కొంత సాయపడెను. తరువాతి సంవత్సరములలో ఆదివారములును పండుగలును మూడు మైళ్లు నడచి రొంకోలె చేరి వాయించి, మరల నడచి పోవుచుండెను. ఒక క్రిస్మసునాడు తెల్లవారకముందు చీకటిలో దారి తప్పి, నీరు నిండిన గుంటలో పడి, ఎవరో యీవలకు లాగగా బ్రదికెనని చెప్పుదురు. స్పినెట్టును ఆతనితో కూడ బుస్సేతో చేరెను.

బుస్సేతోలో అంతోనియో బరెజ్జి యను వర్తకుడు కలడు. కార్లో తన పూటకూటి యింటికి కావలసిన సరకులు ఈతనియొద్దనే కొనువాడు. బరెజ్జి సంగీతప్రియుడు, తాను వాద్యములు వాయించువాడు, పట్టణపు సంగీతసభ ఆయన యింటనే కూడుచుండెను. ఆ యింట మంచి పియానో యుండెను. పాత స్పినెట్టుపై వ్రేళ్లు తిరిగిన పిల్లవానికి ఆ పియానో ముందు కూర్చుండు స్వేచ్ఛ దొరకెను. పట్టణపు సంగీతాచార్యుడగు ప్రొవేసి ఆతనికి శాస్త్రము నేర్పెను. 1831 నాటికి వెర్ది బరెజ్జి యింటనే నివసించుచు, ఆయన కుమార్తె మార్గరీతకు సంగీతము చెప్పుచుండెను.

1832లో మిలాన్ నగరపు సంగీత విద్యాలయమున చేరుటకై వెర్ది దరఖాస్తు పెట్టెను. అప్పటి కతనికి పదునెనిమిదేండ్లు. ప్రవేశమునకు పదునాలుగేండ్లు దాటరాదు. పైగా మిలాన్ ఆస్ట్రియా ప్రభువుల క్రిందిది, బుస్సేతో పార్మా సంస్థానములోనిది. కావున ఆతడు పరదేశి. మూడవ యాక్షేపణ యేమనగా, పియానో వాయించునపుడు ఆతని చేతులు ఉండవలసిన తీరున లేవు. ఆ వయసున దిద్దుట కష్టము. పరీక్షకులు రచనాశక్తిని మెచ్చియు లోనికి తీసికొనలేదు. ఆ చేతుల తీరుకు కారణము పరీక్షకులు వ్రాయలేదు. మీటిన పలుకు తేలికైన స్పినెట్టు పైనను, ఆర్గన్ పైనను బాల్యము గడపిన చేతికి సుత్తి పియానో మెలకువ కుదురకపోవుట సహజమే యని మా యభిప్రాయము. పాత వాద్యము చేసిన మేలుతో కూడ ఈ నష్టమును లెక్కలోనికి తీసికొనవలసినదే. చవుక వస్తువులకు ఇట్టి మిత్తి ఒకటి యుండును.

ఈ నిరాకరణమును వెర్ది జీవితాంతము మరవలేదు. ఆ విద్యాలయమునకు తన పేరు పెట్టుటకు వృద్ధాప్యమున పూనినపుడు ఒప్పుకొనలేదు. ఆయన మరణానంతరము ఆ పేరే పెట్టిరి. నేటికిని అదే దాని పేరు.

బుస్సేతోలోని ధర్మసంస్థ యిచ్చు విద్యార్థివేతనము చాలకపోగా, బరెజ్జి మిగిలిన ఖర్చు భరించి, విన్చెంజో లవీన్య యను విద్వాంసునియొద్ద వెర్దికి ప్రత్యేకముగా చదువు చెప్పించెను. చదువు ముగించి బుస్సేతో చేరి, 1836 మే 4వ తేదీన మార్గరీతను వివాహమాడెను. పిదప వచ్చిన దినములు చెప్పుటకు కష్టము. 1838లో కుమార్తె వర్జీనియ, 1839లో కుమారుడు ఇచీలియో, 1840 జూన్ నెలలో మార్గరీత, రెండేండ్లు గడువకమునుపే మువ్వురును మరణించిరి. మిలాన్‌లో ఇంటి యద్దె 50 స్కూడీలు చెల్లింపవలసిన వేళ తాను జబ్బుపడి యుండగా, మార్గరీత తన బంగారునగలు కొన్ని తీసికొనిపోయి ఎట్లో సొమ్ము తెచ్చి యిచ్చెనని వెర్ది పెద్దతనమున తలంచుకొనెను. అదే సంవత్సరము సెప్టెంబరులో ఆయన హాస్యనాటకము స్కాలా నాటకశాలలో ఒక్క రాత్రి ఆడి నిలిచిపోయెను. ఇక సంగీతము వ్రాయనని నిశ్చయించుకొనెను.

ఆ నిశ్చయము నిలువలేదు. 1842 మార్చి 9వ తేదీన నబూకో అను సంగీతనాటకము ప్రదర్శింపబడగా వెర్ది పేరు ఇటలీ యంతట మారుమ్రోగెను. 1851లో రిగొలెత్తో, 1853లో ఇల్ త్రొవతోరె, లా త్రవియాత, 1871లో కైరో నగరమున ఐదా, 1887లో ఒతెల్లో, ఎనుబదవ యేట 1893లో ఫాల్‌స్తాఫ్. ఇవి లోకవిఖ్యాతములు గనుక వీని గుణములను ఇచట విస్తరింపము.

ధనము వచ్చెను. 1848లో రొంకోలెకు కొలది దూరమునే సాంతాగత అను పొలమును ఇంటిని కొని, అందే స్థిరపడెను. తలిదండ్రులను మొదట అచటికి తెచ్చెను గాని, వారితో పొత్తు కుదరక 1851లో వేరు చేసెను. ఆ సంవత్సరమే తల్లి మరణించెను. తండ్రితో లెక్కల విషయమై మనస్పర్థలు కలిగినవి. వెర్ది కఠినస్వభావుడు; దానిని దాచుట చరిత్ర కాదు. బరెజ్జి యెడ మాత్రము ఆయన మనస్సు వేరు. 1847లో మాక్బెత్ నాటకమును ఆయనకే అంకితము చేసెను. 1867 జులైలో బరెజ్జి మరణశయ్యపై నుండగా, వెర్ది ఆ గదిలోని పియానో ముందు కూర్చుండి నబూకోలోని బందీల బృందగానమును వాయించెననియు, వృద్ధుడది వినుచు కన్నుమూసెననియు చెప్పుదురు. కార్లోయు ఆ సంవత్సరమే జనవరిలో మరణించెను.

కడపటి సంవత్సరములలో వెర్ది మిలాన్ నగరమున వృద్ధులై పేదరికమున నున్న గాయకులకును వాద్యగాండ్రకును ఒక ఆశ్రమము కట్టించెను. కామిల్లో బోయితో అను శిల్పి దానిని నిర్మించెను. తన నాటకములవలన వచ్చు ఆదాయమును దాని పోషణకై మరణశాసనమున వ్రాసెను. తన రచన లన్నిటిలో అదియే మేలైనదని ఆయన తలంచెనట. తాను బ్రదికియుండగా ఎవ్వరును వచ్చి కృతజ్ఞత చెప్పకుండుటకై, తన మరణము వరకు దానిని తెరువవలదని నియమించెను. 1901 జనవరి 27వ తేదీన మిలాన్‌లోని ఒక హోటలులో ఆయన మరణించెను. ఆశ్రమము 1902 అక్టోబరు 10న తెరువబడెను. ఆయనయు, ఆయన రెండవ భార్య జుసెప్పీనయు అచటనే సమాధి చేయబడిరి.

ఆ స్పినెట్టును ఆయన అమ్మలేదు, ఎవ్వరికిని ఈయలేదు. కోరిన పియానోలన్ని కొనగలిగిన దినములలోను దానిని తనయొద్దనే నిలుపుకొనెను. ఇప్పుడది మిలాన్‌లోని స్కాలా నాటకశాల వస్తుప్రదర్శనశాలలో నున్నది. తండ్రి దానికి పెట్టిన వెల ఎచటను వ్రాసి లేదు. కవల్లెత్తి పుచ్చుకొనని కూలికి మాత్రము వ్రాతమూలమైన రసీదున్నది.