ఎన్క కూసున్నోడే ఉస్తాదయిండు: పాతబస్తీ మట్టిల బడే గులాం అలీ ఖాన్

హైదరాబాద్ పాతబస్తీల, సుల్తాన్ షాహీ దిక్కు, దాయిరా మీర్ మోమిన్ అని ఒక పాత ఖబరస్తాన్ ఉన్నది. 1591ల ఈ పట్నానికి నక్ష గీసిన మీర్ మోమిన్ అస్త్రాబాదీ పేరు మీద ఉన్న జాగ అది. కుతుబ్ షాహీల పేష్వా ఆయన. సాలార్‌జంగ్ ఖాందాన్ సమాధులు గూడ అక్కడనే ఉన్నయి. గసొంటి పెద్దోళ్ల నడుమ పంజాబు నుంచి వచ్చిన ఒక పాటగాడు పండుకొని ఉన్నడు. ఆయన పేరు ఉస్తాద్ బడే గులాం అలీ ఖాన్.

చార్మినార్ కాడ సెల్ఫీ దిగే మన పోరగాండ్లకు, ఇంకో రెండు అడుగులు ఏస్తే ఇసొంటి సమాధి ఉన్నదని ఎరుక లేదు. ఎరుక లేకపోవుడు వాళ్ల తప్పు గాదు. మన బడి పుస్తకాలల్ల రాజుల పేర్లు ఉంటయిగని రాజుల కాడ వాయించినోళ్ల పేర్లు ఉండయి. నేను గూడ బడిల నేర్చుకున్నది తక్కువ. పాత పుస్తకాలు, పాత రికార్డులు ఎంబడివడి నేర్చుకున్నదే ఎక్కువ. అందుకే ఇయ్యాల ఆయన ముచ్చట చెప్తున్న. గొప్ప పాటగాడని అందరు చెప్తరు. నేను చెప్పేది దానికన్న ముందటి సంగతి. ఆయన పాటగాడు గాకముందు సారంగి వాయించేటోడు. వేరేటోళ్లు పాడుతుంటే ఎన్క కూసోని కమాను గుంజేటోడు.

సారంగి అంటే ఏందో ముందు తెల్సుకోవాలె. ఒకటే చెక్క దిమ్మెను లోపల తొలిచి చేస్తరు. రెండడుగులు ఉంటది. కింది బొర్ర మీద మేక తోలు కప్పుతరు. మీద మేక పేగుతోని పేనిన మూడు పెద్ద తీగలుంటయి. వాటి కింద ముప్పై అయిదు దాక సన్న ఇనుప తీగలుంటయి. పైతీగ మీద కమాను నడిస్తే కింది తీగలు వాటంతట అవే మోగుతయి. వేళ్ల కొసలతోని తీగను ఒత్తరు. గోరు మొదలు కాడి తోలుతోని పక్కకెళ్లి తీగను తాకిస్తరు. నేర్చుకునేటోనికి ఆ తోలు చిట్లి నెత్తురొస్తది. ఏండ్లకేండ్లు వాయిస్తే అక్కడ కాయలు కాస్తయి. మనిషి గొంతుకు ఇంత దగ్గరగ పలికే వాద్యం హిందుస్తానీ సంగీతంల ఇంకోటి లేదంటరు.

మరి గింత కష్టమైన వాద్యానికి గౌరవం ఎందుకు లేకుండె? వాయించేటోడు ఎవలు, ఎవలి ఎంబడి వాయిస్తుండు అన్నదే లోకం చూసింది. సారంగి తవాయిఫుల కొలువుల్ల మోగింది. ఆడోళ్లు పాడితే, ఆడితే, ఎన్క సారంగి, తబలా నడిచినయి. నిజానికి ఆ ఆడోళ్లే ఠుమ్రీ, దాద్రా అసొంటి పాటలను తరతరాలు బతికించిండ్రు. పాట విని మురిసిన నవాబులకు, జమీందార్లకు మచ్చ అంటలేదు. పాడిన ఆడమనిషికి అంటింది, ఆమె ఎన్క సారంగి వాయించిన పేద మీరాసీకి అంటింది. డప్పు సప్పుడు లేంది పండుగ నడవదుగని డప్పు కొట్టేటోడు ఊరవతల ఉండాలె అన్న మన ఊర్ల లెక్క, ఇది గూడ గంతే.

గులాం అలీ 1902ల పుట్టిండు. పుట్టింది లాహోర్ దగ్గరి కసూర్‌ల, సూఫీ కవి బుల్లే షా దర్గా ఉన్న ఊర్ల. నాయిన అలీ బఖ్ష్ ఖాన్ పాటగాడు. చిన్నాయిన కాలే ఖాన్ పటియాలా పద్ధతిల పేరుమోసిన ఉస్తాదు. పసితనంలనే కాలే ఖాన్ కాడ సాధన మొదలైంది. అటెన్క నాయిన కాడ గూడ నేర్చుకున్నడు. తమ్ముడు బర్కత్ అలీ ఖాన్ గూడ తర్వాత పెద్ద పేరు తెచ్చుకున్నడు.

ఉస్తాదుల ఇంట్ల పుట్టిండు గదా, పల్లెంల పెట్టినట్టు అన్నీ వచ్చినయి అనుకోవద్దు. నాయిన రెండో పెండ్లి చేసుకున్నంక తల్లి బరువు ఈ పిలగాని మీద పడ్డదని ఆయన జీవితం రాసినోళ్లు చెప్తరు. పాటతోని అప్పుడే పైసలు రావు. సారంగి ఎత్తుకుంటే ఎవలో ఒకలు పిలుస్తరు, పూట గడుస్తది. గట్ల ఆయన సారంగి పట్టిండు. కొలువు కోసం పట్టిండు, కూడు కోసం పట్టిండు. ఇయ్యాల డిగ్రీ చదువుకుంట రాత్రి పెండ్లి బరాత్‌ల డ్రమ్ము కొట్టే తమ్ముళ్లు నాకు ఎరుకున్నరు. వాళ్ల కథ కొత్తది గాదు.

ఎన్క కూసున్నోనికి ఒక చదువు దొరుకుతది. ముందట పాడేటోడు యాడ శ్వాస తీస్తడు, యాడ తప్పుతడు, యాడ దాటిపోతడు, అన్నీ వానికి తెలుస్తయి. గాయకుడు పాడింది పాడినట్టే మల్ల తీగ మీద చెప్పాలె, ఆయన కన్న ఒక్క అడుగు ఎన్క. పాడినోనికి తన పాటే వస్తది. సారంగి వాయించినోనికి నలుగురి పాట వస్తది. గులాం అలీ గొంతు మూడు సప్తకాలల్ల అలవోకగ తిరిగేది. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి తెగకుండ జారేది. ఆయన రికార్డులు వింటే నాకు ఆ జారుడుల సారంగి కమానే వినవడ్తది. చెయ్యి నేర్చుకున్నదాన్ని గొంతు మర్వలేదు.

ఈ తొవ్వల వచ్చింది ఆయన ఒక్కడే గాదు. కిరానా ఘరానా ఉస్తాద్ అబ్దుల్ కరీం ఖాన్‌ది గూడ సారంగి తెల్సిన ఇల్లే. ఇందోర్ అమీర్ ఖాన్ నాయిన సారంగి వాయించేటోడు. సారంగి ఇండ్లల్ల పుట్టినోళ్లు ఒకలెన్క ఒకలు పాటకు మళ్లిండ్రు. పాటగాడు ముందట కూసుంటడు, పేరు వానిది, పైసలు వానియి. సారంగియాకు ఎన్క జాగ, వచ్చేది గూడ తక్కువ. వాద్యం మీద ప్రేమ లేక ఇడిశిపెట్టలేదు, ఆ కుర్చీ కింద ఉన్న అవమానాన్ని ఇడిశిపెట్టిండ్రు.

ఇది మన దేశంల ముచ్చటే గాదు. అమెరికాల చార్లెస్ మింగస్ అని ఒక నల్లజాతి కళాకారుడు ఉండె. 1922ల పుట్టి 1979ల చచ్చిపోయిండు. చిన్నప్పుడు చెల్లో నేర్చుకున్నడు. నల్ల పిలగానికి పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంల చోటు దొరకదు, చెల్లో ఇడిశి బేస్ పట్టుకో అని తోటోళ్లు చెప్తే డబుల్ బేస్ పట్టిండు. డబుల్ బేస్ అంటే మనిషంత ఎత్తుండే పెద్ద వాద్యం, నాలుగు లావు తీగలు, పాత కాలంల అవి గూడ పేగు తీగలే. నిలవడి వాయిస్తరు, గుంపుల అందరికన్న ఎన్క ఉంటది. విడిగ ఎవ్వలికి వినవడదు, తీసేస్తే మాత్రం పాట కింద భూమి లేనట్టయితది. మింగస్ ఆ ఎన్క జాగల నిలవడే మొత్తం గుంపును నడిపిండు, సొంతంగ పాటలు కట్టి జాజ్ సంగీతాన్నే మలుపు తిప్పిండు. గులాం అలీ ఎన్క జాగ ఇడిశి ముందటికి వచ్చిండు. మింగస్ ఎన్క జాగనే ముందట జాగ చేసిండు. రెండూ గెలుపులే. ఆ రెండో పనిని మన దేశంల పండిట్ రామ్ నారాయణ్ చేసిండు. 1950లల్ల ఎవ్వలి ఎన్క కూసోకుండ సారంగి ఒక్కదాన్నే ముందట పెట్టి కచేరీలు చేసి, దేశదేశాలు తిప్పిండు.

మల్ల గులాం అలీ కాడికి వద్దాం. 1930ల ఆఖరుకు కలకత్తా సభలల్ల ఆయన పేరు మోగింది. 1944ల బొంబాయి సభతోని దేశమంత తెల్సిపోయిండు. పెద్ద పెద్ద మీసాలు, పైల్వాన్ అసొంటి మనిషి, ఒళ్లె స్వరమండల్ పెట్టుకొని తీగలు మీటుకుంట పాడేటోడు. పంజాబ్ పల్లె పాటల తీపి తెచ్చి ఠుమ్రీల కలిపిండు. సబ్రంగ్ అనే పేరుతోని సొంత పాటలు కట్టిండు. అల్లాను తల్సుకున్న నోటితోనే కృష్ణుని మీద పాడిండు, హరి భజనలు పాడిండు. అప్పట్ల ఎవ్వలికీ అది వింత అనిపియ్యలేదు.

1947ల దేశం రెండు ముక్కలైంది. కసూర్, లాహోర్ పాకిస్తాన్‌ల పడ్డయి. ఆయన ఇల్లు అటు, ఆయన పాట వినే జనంల సగం ఇటు. కొన్నేండ్లు అటు ఇటు తిరిగిండు. ఆఖరికి ఇండియానే నా జాగ అని తేల్చుకున్నడు. మొరార్జీ దేశాయ్ సాయం చేసిండు, 1957ల ఇక్కడి పౌరసత్వం వచ్చింది, బొంబాయిల ఉండెటందుకు ఇల్లు దొరికింది. పేరు చూసి మనిషిని ఏ దేశపోడివని అడిగే ఈ దినాలల్ల ఆలోచన చెయ్యుండ్రి. అన్నీ తెల్సి, కోరి ఈ మట్టిని ఎంచుకున్న మనిషి ఆయన.

1960ల మొఘల్-ఎ-ఆజం సినిమా వచ్చింది. తాన్‌సేన్ పాట ఆయనే పాడాలని దర్శకుడు కె.ఆసిఫ్, సంగీతం కట్టిన నౌషాద్ పట్టువట్టిండ్రు. సినిమాల పాడుడు ఆయనకు ఇష్టం లేకుండె. వద్దని చెప్పెటందుకు పాటకు 25,000 రూపాయలు అడిగిండు. అప్పట్ల పెద్ద పెద్ద సినిమా గాయకులకే పాటకు 500 లోపు ఇచ్చేటోళ్లు. ఆసిఫ్ ఒప్పుకున్నడు. రెండు పాటలు పాడిండు. సారంగితోని పూట గడుపుకున్న పిలగాడు తన ధర తనే చెప్పే కాడికి వచ్చిండు.

గని ఇంకో మాట గూడ చెప్పాలె. ఆ కాలం బొంబాయి స్టూడియోలల్ల గోవా నుంచి వచ్చినోళ్లు ఎంతోమంది వయోలిన్, చెల్లో, డబుల్ బేస్ వాయించిండ్రు. లక్నో, ఢిల్లీ దిక్కు నుంచి వచ్చినోళ్లు సారంగి వాయించిండ్రు. వాళ్ల పేర్లు తెర మీద పడలేదు. మనం ఇయ్యాల గూడ ఆ పాటలు వింటున్నం, బేస్ తీగ ఎవలు మీటిండ్రో మనకు తెల్వది. ఒక్క ఉస్తాదుకు ధర పెరిగిందిగని ఎన్క వరసకు పేరు గూడ దక్కలేదు.

1962ల పద్మభూషణ్, సంగీత నాటక అకాడమీ అవార్డు వచ్చినయి. అప్పటికే పక్షవాతం ఒళ్లును దెబ్బ కొట్టింది. కొడుకు మునవ్వర్ అలీ ఖాన్ పక్కన కూసోని గొంతు కలిపితే మల్ల సభలల్ల పాడిండు. ఆఖరి దినాలు హైదరాబాద్‌ల గడిచినయి. పాయిగా ఖాందాన్ నవాబ్ జహీర్ యార్ జంగ్ తన బషీర్‌బాగ్ ప్యాలెస్‌ల పెట్టుకొని చూసుకున్నడు. 1968 ఏప్రిల్‌ల అక్కడనే పానం పోయింది. వయసు 66. కసూర్‌ల పుట్టినోనికి పాతబస్తీ ఆరడుగుల జాగ ఇచ్చింది. ఆ బషీర్‌బాగ్ ప్యాలెస్ ఇప్పుడు లేదు, కూలగొట్టిండ్రు. బషీర్‌బాగ్‌ల ఒక రోడ్డుకు ఆయన పేరు పెట్టిండ్రు. ఆ రోడ్డు మీద దినాం పోయేటోళ్లల్ల ఆ పేరు ఎందరికి ఎరుకున్నది?

సారంగి కథ ఏమైంది మరి? హార్మోనియం వచ్చింది. నేర్చుకునుడు సులువు, సుతి పెట్టే పని లేదు. ఆలిండియా రేడియో 1940 నుంచి 1971 దాక హార్మోనియంను బంద్ పెట్టింది. గందుకే రేడియో కొలువులల్ల సారంగి వాయించేటోళ్లు బతికిండ్రు. బయట మాత్రం తవాయిఫుల కొలువులు మూతవడ్డయి, సారంగియాల పూట గూడ పోయింది. కొడుకులకు వేరే పని నేర్పిండ్రు. పాత సారంగులు అటుకెక్కినయి, కొన్ని అమ్ముడువోయి గోడలకెక్కినయి.

గిదే ఇప్పుడు మన ఇండ్లల్ల జరుగుతున్నది. డక్కలోళ్ల కిన్నెర, ఆదిలాబాద్ పర్ధాన్, తోటి అన్నల కిక్రీ, బవనీల జమిడిక. కిక్రీ గూడ కమానుతోని వాయించేదే, సారంగికి చుట్టమే. గోండుల కథలన్నీ దాని మీదనే నడిచినయి. తాత పోంగనే, పాత సామాన్లు కొనేటోడు వస్తడు, వంద రెండొందలు చేతుల పెడ్తడు. పట్నంల అది పెద్ద హోటల్ గోడకు అలంకారమయితది.

తమ్మీ, చెల్లే, అమ్మొద్దని నేను ఆన పెడ్తలేను. ఆకలికి అమ్ముకున్నోళ్లను తప్పు పట్టే హక్కు నాకు లేదు. అమ్మేముందు నాలుగు పనులు చెయ్యుండ్రి. తాత గొంతు, తాత వాయించుడు ఫోన్ల రికార్డు చెయ్యుండ్రి. ఏ చెక్క, ఏ తోలు, ఏ తీగ, సుతి ఎట్ల పెడ్తరో అడిగి రాసిపెట్టుకోండ్రి. వాద్యం పేరు, చేసినోని పేరు, ఊరి పేరు రాయుండ్రి. ఇగ అమ్ముతె వాయించేటోనికే అమ్ముండ్రి, గోడకు అమ్మకుండ్రి.

కొనే తమ్ముళ్లకు గూడ ఒక మాట. గిటారు గాని, బేస్ గాని, సారంగి గాని, సెకండ్ హ్యాండ్ల కొంటే మెరుగు చూసి మోసపోకుండ్రి. కొత్త వార్నిష్ కింద పాత పగులు దాసిపెడ్తరు. మెడ నిటారుగ ఉన్నదా, చెక్కకు పురుగు పట్టిందా, కుంటెలు తిప్పినంక నిలుస్తున్నయా చూడుండ్రి. తోలు వాద్యమైతే తోలు సడలిందా అని ఒత్తి చూడుండ్రి. అన్నిటికన్న ముందు, వాయించుడు తెల్సినోన్ని ఎంబడి తీసుకపోండ్రి. అమ్మేటోడు వాద్యం వాయించినోడైతే బేరం కొద్దిగ తగ్గించి ఆడుండ్రి. వాడు అమ్ముతున్నది చెక్క ఒక్కటే గాదు.

పాతబస్తీకి పోయినప్పుడు బిర్యానీ తినుండ్రి, గాజులు కొనుండ్రి. దాయిరా మీర్ మోమిన్ కాడ గూడ ఒక్క నిమిషం ఆగుండ్రి. పూలు తేకున్నా ఫర్వాలేదు. చెవులల్ల ఇయర్‌ఫోన్లు పెట్టుకొని ఆయన ఠుమ్రీ ఒక్కటి వినుండ్రి. పాట ఎన్క సన్నగ సారంగి వినవడితే, అది వాయిస్తున్న మనిషికి గూడ ఒక పేరుంటదని యాదిల పెట్టుకోండ్రి.